పత్తాలాటలో 220

సూరత్‌లోని గోడాదరాలో మన మగ్గాల ఇళ్ల పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెబుతుంటా. నిన్న పేకకట్ట తీయగానే ఓ తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది: "పిల్లలకు పత్తాలాటనా సార్?"

జోకర్లు, బొమ్మముక్కలు తీసేస్తే మిగిలేవి 40. ఆసు అంటే ఒకటి. నలుగురు గుండ్రంగా కూర్చుని, తలా ఒక ముక్క వేస్తూ అప్పటిదాకా అయిన మొత్తం పైకి చెప్పాలి. కాగితం, వేళ్లు నిషేధం. ఆఖరి ముక్కకు 220 రావాలి. రాలేదంటే ఎక్కడో జారినట్టే.

నిన్న 219 వచ్చింది! తప్పెవరిదో తేల్చుకోవడానికి వాళ్లే మళ్లీ మొదటినుంచి కూడారు. నేను చెబితే ఒక్కడూ కూడేవాడు కాదు. ఒకడైతే "పందర్" అని గుజరాతీలో గొణిగి, "పదిహేను" అని తెలుగులో అరిచాడు.

ఇంట్లో పాత పేకకట్టలుంటే ఇవ్వండి. రాజులు, రాణులు పోయినా పర్లేదు. అంకెముక్క ఒక్కటి తగ్గినా 220 రాదు.