వెనక సీటు

సికింద్రాబాదు మల్కాజిగిరిలోని ఆ పాత పెంకుటింటి వసారాలో మొన్నమొన్నటి వరకూ ఐదు మోటారు సైకిళ్ళు వరుసగా నిలబడి ఉండేవి. దారిన పోయేవాళ్ళు అది మెకానిక్కు దుకాణమని భ్రమపడి, పంక్చరు వేస్తారా అని అడిగిన సందర్భాలు లేకపోలేదు. ఇంటి యజమాని లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో 38 ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వ్యక్తి. వయస్సు 67. పంక్చరు అడిగిన వారినెవరినీ ఆయన వెనక్కి పంపలేదు.

కాలక్రమేణా ఇల్లు పెద్దదై, మనుషులు తక్కువయ్యారు. కొడుకు బెంగుళూరులోనూ, కూతురు విశాఖపట్నంలోనూ స్థిరపడ్డారు. వానాకాలం వస్తే పెంకులు సర్దే మనిషి దొరకడం దుర్లభమైంది. చివరికి ఆ ఇల్లు అమ్మి, అదే పేటలో లిఫ్టు ఉన్న ఫ్లాటు కొనాలని భార్యాభర్తలు నిశ్చయించుకున్నారు. ఫ్లాటు కాగితాలతో పాటు వచ్చిన పార్కింగు పటం చూసిన తరువాత గాని ఆయనకు అసలు సంగతి బోధపడలేదు. రెండు స్తంభాల నడుమ సున్నపు గీతలతో గీసిన చిన్న జాగా. ఫ్లాట్ల సంఘం నిబంధన ప్రకారం అందులో ఒక కారు పెట్టుకోవచ్చు. కారు లేనివారు రెండు ద్విచక్ర వాహనాలు పెట్టుకోవచ్చు. అంటే ఐదింట మూడు వెళ్ళిపోవలసిందే.

ఆయన ఆ పటం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఇల్లాలు కాఫీ తెచ్చి, పటం వంక చూసి, "రెండు పెట్టుకోండి. కాని ఆ రెంటిలో ఒకటి నేను ఎక్కగలిగేది కావాలి" అన్నది.

"ఇప్పుడు ఎక్కలేనిది ఏముంది?" అన్నారాయన.

ఆమె జవాబు చెప్పలేదు. తరువాత ఆయనే లెక్క వేసుకున్నారు. ఆమె ఆ ఐదింటిలో దేని మీదనైనా కూర్చుని పదిహేనేళ్ళు దాటింది. బజారుకు ఆటో, పెళ్ళిళ్ళకు ఎవరిదో కారు. ఇన్నేళ్ళలో ఈ విషయం ఆయనకు తట్టనే లేదు.

సేకరణ అనే మాట ఆయనకు గిట్టదు. నాణేలూ తపాలా బిళ్ళలూ సేకరిస్తారు గాని బళ్ళు వాటంతట అవే వచ్చి చేరతాయని ఆయన వాదన. ఇందులో కొంత నిజం లేకపోలేదు. ఆయన ఉద్యోగంలో చేరిన 1979 నాటికి మన దేశంలో మోటారు సైకిలు కొనదలచిన వాడికి ఎంచుకోవడానికి ఎన్నో ఉండేవి కావు. ఇంగ్లండులో పుట్టి 1955 తరువాత మద్రాసులో స్థిరపడిన బుల్లెట్టు, చెకోస్లోవేకియా జావాకు మైసూరు రూపమైన యెజ్డీ, పోలండు నమూనా ఆధారంగా ఫరీదాబాదులో తయారైన రాజ్‌దూత్, ముఖ్యంగా ఈ మూడే. బజాజ్ స్కూటరు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వేచి ఉండాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడు దూరాన ఇంజను శబ్దం విని బండి పేరు చెప్పగలిగేవాడే గాని కొనగలిగేవాడు కాదు. ఆ వయస్సులో అందనివన్నీ తరువాతి రోజుల్లో, ఇతరులు వదిలించుకుంటున్నప్పుడు, ఒక్కొక్కటిగా ఆయన వసారాకు చేరుకున్నాయి.

విచిత్రమేమంటే ఆయనను రోజూ వర్క్‌షాపుకు మోసుకుపోయిన బండి వీటిలో ఏదీ కాదు. అది హీరో హోండా సి.డి. 100. పన్నెండేళ్ళలో ఒక్కనాడూ దారిలో ఆగిన పాపాన పోలేదు. 2008లో దానిని పక్కింటి కుర్రవాడికి అమ్మివేసి, ఆ సాయంత్రమే మరచిపోయారు. ఇబ్బంది పెట్టిన బళ్ళు మాత్రం మిగిలాయి.

బళ్ళను తగ్గించుకోక తప్పదన్న సంగతి నిజానికి పార్కింగు పటం కంటె ముందే ఆయన మోకాలు చెప్పింది. బుల్లెట్టు 1972 నాటిది. 1988లో సైన్యం వేలం వేసినప్పుడు కొన్నది. దాని గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. దానిని స్టార్టు చేయడం ఒక తంతు. పెట్రోలు కుళాయి తిప్పి, డీకంప్రెషన్ మీట నొక్కి పట్టుకుని, అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కు మెల్లగా దించి, మీట వదిలి, అప్పుడు ఒంటి బరువంతా కుడికాలి మీద వేసి తన్నాలి. లెక్క తప్పితే అదే ఎదురు తన్నుతుంది. రెండేళ్ళ క్రితం ఆయనకు కుడి మోకీలు మార్పిడి శస్త్రచికిత్స జరిగింది. వైద్యుడు నడవమన్నాడు, మెట్లెక్కవచ్చునన్నాడు. తన్నడం గురించి ఈయన అడగలేదు. ఆరు నెలలాగి, ఒక ఉదయం భార్య గుడికి వెళ్ళిన సమయం చూసుకుని ప్రయత్నించారు. కిక్కు ఎదురు తిరిగింది. పడకుండా ఆపింది వసారా స్తంభం. ఆ సంగతి ఆమెకు ఇప్పటికీ తెలియదని ఆయన నమ్మకం.

మరి, నడపకుండా ఊరికే నిలిపి ఉంచితేనేం? దానికి కాలం అనుకూలంగా లేదు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకూ ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. వారాల తరబడి కదలని బండిలో టాంకు లోపల తుప్పు పడుతుంది. పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటరులోని వాషర్లు ఉబ్బి పాడవుతాయి. ఐదు బళ్ళను బతికించాలంటే ప్రతి ఆదివారం ఐదింటినీ రోడ్డు మీదకు తీయాలి. ఒకప్పుడు అది ఆయనకు పండుగ. ఇప్పుడు ఆదివారం వస్తోందంటే మోకాలు ముందుగా గుర్తుకు వస్తుంది.

బుల్లెట్టు విషయంలో చట్టం ఒక దారి చూపింది. 2021లో కేంద్ర ప్రభుత్వం చేసిన నియమాల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారని వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు, నంబరు ఫలకం మీద ‘వి.ఎ.’ అనే అక్షరాలు. అయితే అటువంటి బండిని ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలుకూ, మరమ్మతుకూ తప్ప నిత్య వ్యవహారానికి వాడకూడదు. ఆయన ఆ నిబంధనలు రెండుసార్లు చదివి, కాగితం మడిచి పెట్టారు. "నిలబెట్టి చూపించడానికైతే ఫొటో చాలు" అన్నారు.

దానిని కొనడానికి అల్వాల్ నుంచి ఒక విశ్రాంత సుబేదారు వచ్చాడు. సిగ్నల్స్ దళంలో డిస్పాచ్ రైడరుగా పనిచేసినవాడు. ధర అడగలేదు. కుడికాలి గేరును చూసి ఒక్క క్షణం నవ్వి, అమ్మీటరు మీద కన్నువేసి, మొదటి తన్నుకే స్టార్టు చేశాడు. ఆ తరువాత బేరం ఏముంటుంది? అతను చెప్పిన ధరకే ఈయన తలూపారు.

ఆర్.ఎక్స్. 100 కొడుకుకు వెళ్ళింది. టాంకులో పెట్రోలు తీసివేయించి, గోనెపట్టాలు చుట్టి, రైలు పార్సెలులో బెంగుళూరుకు పంపారు. రైల్వే మనిషి గనుక పట్టా కుట్టే పని కూడా కూలీకి వదలలేదు. అతనా బండి మీదే డ్రైవింగు నేర్చుకున్నాడు. అంతకు మించి చెప్పేదేమీ లేదు.

రాజ్‌దూత్ యమహా 350 సంగతి వేరు. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, ముప్ఫై హార్సు పవరు. 1983లో బజారులోకి వచ్చినప్పుడు దాని పెట్రోలు దాహం చూసి గృహస్థులు దడుచుకున్నారు. దశాబ్దం ముగిసేసరికి తయారీ ఆగిపోయింది. ఇప్పుడు దానికోసం లక్షలు చేతబట్టుకుని తిరుగుతున్నారు. ఈయన 2004లో ముక్కలుగా కొని, పదకొండు నెలలు కూర్చి, నిలబెట్టారు. కొనడానికి వచ్చిన కుర్రవాడు సాఫ్ట్‌వేరు ఉద్యోగి. "మన దేశంలో తయారైన దీనికి ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఇవ్వలేదు బాబూ, డ్రమ్ము బ్రేకే ఇచ్చారు. పరుగుకు తగ్గ ఆగడం లేదు" అని చెప్పి, రెండు ఆదివారాలు అతనిని వెనక కూర్చోబెట్టుకుని కాదు, ముందు కూర్చోబెట్టి తాను వెనక కూర్చుని నేర్పారు. మూడవ వారం వాళ్ళ అమ్మగారిని తీసుకురమ్మన్నారు. ఆమెకు కూడా బ్రేకుల సంగతి చెప్పి, ఆమె సరేనన్న తరువాతనే తాళం ఇచ్చారు. అమ్మకందారుకు ఇంత ఛాదస్తం తగదని కొందరంటారు. ఏమైనా, యాజమాన్య బదిలీకి కావలసిన 29, 30 నంబరు ఫారాలు పూర్తిచేయించి, రవాణా కార్యాలయంలో పేరు మారేదాకా ఆయన ఏ బండినీ వదిలిపెట్టలేదు. తెల్ల కాగితం మీద సంతకం పుచ్చుకుని బండి ఇచ్చివేసేవారు ఈ ఒక్క ఛాదస్తాన్నైనా అలవరచుకోవడం మంచిది.

అందరూ గట్టెక్కదనుకున్నది రాజ్‌దూత్ 175. అది ఆమె తండ్రిగారిది. మిర్యాలగూడ ప్రాంతంలో పశువైద్యశాల కాంపౌండరుగా ఆయన ఊరూరా తిరిగిన బండి. వెనక మందుల పెట్టె, హాండిలుకు పలుపుతాడు. 2001లో ఆయన పోయిన తరువాత ఈ వసారాకు వచ్చింది. పార్కింగులో రెండవ జాగా దీనిదేనని భర్త మనస్సులోనే కేటాయించి ఉంచారు. పుత్లీబౌలి నుంచి వచ్చిన ముసలి మెకానిక్కు బండి చుట్టూ తిరిగి, "సాబ్, పూరా బండి ఎవరూ కొనరు. పార్టులైతే నేనే తీసుకుంటా" అన్నాడు. ఈయనకు కోపం వచ్చింది. అతనిని పంపివేయబోతుండగా ఆమె లోపలి నుంచి వచ్చింది.

"ముక్కలైతే ఎన్ని బళ్ళకు పనికివస్తాయి?" అని అతనినే అడిగింది.

"ఏడెనిమిది నడుస్తాయమ్మా."

"అయితే ఇచ్చేయండి" అన్నది భర్తతో. "మా నాన్న దీన్ని ఒక్కరోజు కూడా ఊరికే నిలబెట్టలేదు. ఇరవై ఏళ్ళుగా నిలబెట్టింది మీరు."

ఆయన అరగంట వాదించారు. మామగారి గౌరవం అన్నారు, జ్ఞాపకం అన్నారు. ఆమె మెకానిక్కుకు టీ ఇచ్చి కూర్చోమన్నది. చివరికి బోల్టులు విప్పినది ఈయనే. ఇంకొకరి పానా దాని మీద పడడం ఇష్టం లేకపోయింది. ఆటో కదిలేముందు ఆమె టాంకు మీద సొట్టను, ఎప్పుడో ఒక గేదె పొడిచిన సొట్టను, వేలితో తడిమి లోపలికి వెళ్ళిపోయింది.

ఇక మిగిలినది యెజ్డీ. దీనికి ఒక సౌకర్యం ఉంది. కిక్కు ఎడమవైపు. కిక్కూ గేరూ రెండూ ఒకే మీట. తన్ని స్టార్టు చేసి, మడిచి ముందుకు తిప్పితే అదే గేరు అవుతుంది. ఆపరేషను జరగని ఎడమకాలితో ఆయన ఇప్పటికీ దానిని స్టార్టు చేయగలరు. మైసూరు కర్మాగారం 1996లోనే మూతపడినా విడిభాగాలు రాణీగంజ్‌లో అడిగితే దొరుకుతూనే ఉన్నాయి. అందుచేత అది ఉంటుందని తేలిపోయింది. కాని దాని సైలెన్సర్లు రెండు వైపులా ఉంటాయి. 1992లో ఒక వానరోజున తార్నాకలో దిగేటప్పుడు ఎడమ సైలెన్సరు ఆమె చీలమండను కాల్చింది. ఆ మచ్చ ఇప్పటికీ చీర అంచు కింద కనబడుతుంది. "ఉంచుకోండి. నేనెక్కను" అన్నది. అంతకు మించి ఆ విషయం ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆయనకు కొంత తేలికగా ఉండేది.

కాబట్టి రెండవ జాగా ఆమెది. వర్క్‌షాపు అలవాటు చొప్పున ఆయన నోటు పుస్తకంలో గళ్ళు గీసి రాయడం మొదలుపెట్టారు. మొదటి గడిలో మనస్సు కోరినదే రాశారు: బొత్తాము నొక్కితే స్టార్టయ్యే ఇప్పటి 350 సి.సి. బళ్ళు. క్లాసిక్ 195 కిలోలు, హంటర్ 181 కిలోలు. నడిచేటప్పుడు ఆ బరువు తెలియదు. ఫ్లాటు సెల్లారు నుంచి పైకి వచ్చే ఏటవాలు మీద బండి వెనక్కి జారితే ఆపవలసినది మాత్రం ఆ మోకాలే. ఒక సాయంత్రం ఆయన ఒంటరిగా వెళ్ళి ఆ ఏటవాలును అడుగులతో కొలిచి వచ్చారు. ఆ రాత్రి రెండు పేర్లూ కొట్టివేసి, హోండా షైన్ 100 అని రాశారు. 99 కిలోలు. పాతికేళ్ళ క్రితమైతే అటువంటి బండి వంక తల తిప్పి ఉండేవారు కాదు. సరిగ్గా చూస్తే అది తాను మరచిపోయిన సి.డి. 100కు తమ్ముడి వంటిది. విద్యుత్ స్కూటరు కొనమని కూతురు ఫోనులో చెప్పింది. "చప్పుడు లేని బండి వస్తే వీధికుక్క కూడా లేవదు" అని ఆయన కొట్టిపారేశారు.

గళ్ళలో ఒక లోటు ఆయనకు ఆలస్యంగా కనబడింది. వెనక కూర్చునేవారి గురించి ఏ గడీ లేదు. మోటారు సైకిలుకు వెనకవారు పట్టుకోవడానికి పిడి, కాలు మోపడానికి ఆసరా, చక్రంలో బట్ట పడకుండా అడ్డు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలలో ఉంది. ఉండడం వేరు, 63 ఏళ్ళ మనిషి చీర కట్టుకుని ఒక పక్కగా కూర్చోవడానికి పనికిరావడం వేరు. ఆ గడి నింపడం తన వల్ల కాదని గ్రహించి ఆమెనే వెంటబెట్టుకుని షోరూముకు వెళ్ళారు.

అక్కడి కుర్రవాడు మైలేజీ, వాయిదాలు, రంగులు, అన్నీ ఆయనకే చెబుతున్నాడు. ఆమె మొదటి బండి దగ్గర నిలబడి, సీటు వెనక భాగాన్ని అరచేతితో నొక్కి చూసి, "బాబూ, ఇది పట్టుకుంటే నా చెయ్యి వెనక్కి మెలితిరుగుతుంది. ఇంకోటి లేదా?" అన్నది. కుర్రవాడు మొదటిసారి ఆమె వైపు తిరిగాడు.

రెండవది ఎత్తు ఎక్కువ. మూడవదాని మీద ఆయన ముందు కూర్చున్నారు. ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఆసరా మీద కాలు మోపి ఎక్కి కూర్చున్నది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చీలమండ ఎటు ఉందో వంగి చూసుకున్నది. ఎడమవైపు సైలెన్సరు లేదు.

"కాస్త ముందుకు జరగండి" అన్నది. ఆయన జరిగారు. ఆమె మరికాస్త సర్దుకుని కూర్చున్నది. ఇద్దరూ అలా కదలని బండి మీద, ఎదుటి అద్దంలో వీధిని చూస్తూ కొంతసేపు ఉండిపోయారు.

"ఏ రంగు రాయమంటారు సార్?" అన్నాడు కుర్రవాడు పుస్తకం తీస్తూ.

"ఇది నయమే" అన్నది ఆమె దిగుతూ. "కాని ఆ మూల ఉన్నది కూడా చూద్దామండీ."

మూల ఉన్నది చప్పుడు లేని స్కూటరు. ఆయన ఏమీ అనకుండా దిగి, అటు నడిచారు.