మోటారుబండియు మన చేతులును

మోటారుబండి రేడియేటరు చిల్లువడి నీరు కారుచుండగా, దానిని మేమే మార్చుకొనవలెనని నిశ్చయించితిమి. ఈ పనికి మేము క్రొత్తవారము. "మీవంటి వారికిదేమి పనియండీ, పైగా కోడలిచేతనా?" అని పొరుగువారు నొచ్చుకొనిరి. చేతికి మసి యంటినంతమాత్రమున పరువు పోవునా?

మాకు భయము కలిగినది వేడిని గూర్చియే. ఒత్తిడిలో నుండుటచే లోపలి ద్రవము నూరు డిగ్రీలు దాటియు మరుగదు. అప్పుడు మూత వదలినచో నొక్కసారిగ నెగజిమ్మి మొగము కాల్చును. అందుచే రాత్రియంతయు చల్లారనిచ్చి, ఉదయమున ద్రవమును పళ్లెములోనికి దింపితిమి. అందలి ఇథిలీన్ గ్లైకాలు తియ్యని విషము. కుక్కలు నాకి చచ్చును. దానిని కాలువలో పారబోయుమని యొకరు సలహా యిచ్చిరి! ఆ నీరు త్రాగు పశువుల మాటయో? డబ్బాలో మూసి మరమ్మతుశాలకు ఒప్పగించితిమి.

క్లాంపులు విప్పి, ఫ్యాను తొలగించి, క్రొత్తదానిని అమర్చుటకు బలముకంటె ఓర్పే కావలసివచ్చెను. పిమ్మట కోడలు క్రొత్తద్రవము నింపి, మూత తెరచియుంచి ఇంజను నడిపి, గాలిబుడగలు ఆగువరకు కనిపెట్టి, మూత బిగించెను.