శాలువా కప్పినంక ఏమడగాలె?

ఈసారి పోస్టు మందుల గురించో విత్తనం గురించో కాదు, మాట గురించి. కొంచెం పొడుగైతది. రాత్రి బువ్వ తిన్నంక తీరుబడిగా చదవండి.

మా దిక్కు ఒక అన్నకు మొన్న పంద్రాగస్టుకు ఉత్తమ రైతు అని సన్మానం జరిగింది. పంట పందిరి కాకర. స్టేజీ మీదికి పిలిచారు, శాలువా కప్పారు, షీల్డు ఇచ్చారు, ఎకరానికి ఎన్ని లక్షలు తీశాడో మైకులో చెప్పారు. చప్పట్లు. అంతా కలిపి రెండు నిమిషాలు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది, దాని కింద దండాలు, పూలగుత్తులు వరుసగా పడ్డాయి. నోరు తెరిచి ఏదన్నా అడిగినవాళ్లు కూడా అడిగింది ఒక్కటే: "అన్నా, ఎంత మిగిలింది?"

నాకైతే అది సన్మానం అనిపించలేదు. అయిదేళ్లు ఒక పంటతో కొట్లాడి గెలిచిన మనిషి లోపల చెప్పుకోవాల్సింది ఎంతుంటది? దాన్ని అడిగి వినడమే ఆయనకు మనం చేసే పెద్ద మర్యాద. అందుకే తర్వాతి వారం నలుగురం కలిసి, ఫోన్ చేసి చెప్పి, పొద్దుగూకినంక ఆయన ఇంటికి పోయాం. అరుగు మీద కూర్చున్నాం. వదిన చాయ్ ఇచ్చింది.

మొదటి మాటే మైకులో చెప్పిన లెక్క మీద అడిగాం. అన్న నవ్వాడు. "అది వచ్చిన పైసలు తమ్మీ, మిగిలిన పైసలు కాదు" అన్నాడు. లోపలికి పోయి పొడుగు లెక్కల బుక్కు తెచ్చాడు. బిడ్డ చేతిరాత. రాతి కడీలు, తీగ, డ్రిప్పు మీద పెట్టిన ఖర్చును పదేళ్లకు పంచి, ఏటా ఒక వంతు రాసుకున్నారు. మల్చింగ్ షీటు, విత్తనం, మందులు, డబ్బాలు, ఆటో కిరాయి, కమీషన్ సరే. మొగుడూపెండ్లాల ఇద్దరి కష్టం కూడా రోజు కూలి లెక్కన అందులో ఉంది. మనలో ఎంతమందిమి మన ఒళ్లు కష్టానికి కూలి కట్టుకుంటాం చెప్పండి? అన్నీ తీసేస్తే మైకులో చెప్పినదాంట్లో మూడో వంతు మిగిలింది. "అయినా పత్తి కంటే నయమే" అన్నాడు. ఆ మాట నాకు స్టేజీ మీది లెక్క కంటే ఎక్కువ పనికొచ్చింది.

తర్వాత మొదటి ఏండ్లు ఎట్ల గడిచాయో అడిగాం. మొదటి ఏడు తీగ పందిరెక్కి కాపు మీదున్నప్పుడు ఏప్రిల్‌లో బోరు ఎత్తిపోయింది. రెండో ఏడు పండు ఈగ. కాయలు వంకర తిరిగి, పసుపు పడి, లోపల పురుగులు. మందు మీద మందు కొట్టినా ఆగలేదు. ఎందుకంటే కాయ లోపలికి పోయిన పురుగును పైన కొట్టిన మందు ఏం చేస్తది? మూడో ఏడు లింగాకర్షక బుట్టలు పూత మొదలు కాకముందే కట్టాడు. రాలిన కాయను, కుట్టిన కాయను రోజూ ఏరి లోతు గుంటలో పూడ్చారు. చెట్టు కింద వదిలేస్తే అందులోని పురుగు మట్టిలోకి దిగి, మళ్లీ ఈగై లేస్తది. బుట్ట కట్టుడు సగం పని, ఏరుడు సగం పని. బుట్టల ఫోటో అందరూ తీస్తారు గానీ ఏరుడు ఫోటోకు రాదు.

"ఏరింది ఎవరన్నా?" అని మాలో ఒకడు అడిగాడు. అన్న దర్వాజ దిక్కు చూపించి, "ఆమెనడుగు" అన్నాడు.

అక్కడి నుంచి ముచ్చట మారింది. ఎకరం మొత్తం ఒక్కసారి పెట్టకుండా మూడు ముక్కలు చేసి ఇరవై రోజుల ఎడంతో గింజ పెడతారు. ఇది రేటు కోసం చేసిన తెలివి అని ఊరంతా అనుకుంటున్నారు. నేనూ అట్లనే అనుకున్నా. అది వదిన ఆలోచన అట. ఎందుకమ్మా అంటే: "ఒక్కపారే కాపుకొస్తే తెంపనీకి కూలోళ్లు దొరుకుతలేరు. మూడు ముక్కలు చేస్తే ఇంట్లోళ్లమే తెంపుకుంటం." అంతే. రేటు సంగతి తర్వాత కలిసొచ్చింది. చూడండి, కారణం తెలియకపోతే ఎట్లుంటదో. ఇంట్లో నలుగురు పనిచేసే చేతులున్న రైతు ఇదే పద్ధతిని గుడ్డిగా పట్టుకుంటే పనిదినాలు పెరుగుతాయి తప్ప లాభమేంటి?

"మరి స్టేజీ మీదికి ఎందుకు రాలేదు వదినా?" అన్నాను.

"పిలిస్తే గదా. పైగా ఆ దినం తెంపు ఉండె."

పాస్‌బుక్ అన్న పేరు మీద ఉంది కాబట్టి షీల్డు మీద పేరు కూడా ఆయనదే. ఇది ఆయన తప్పు కాదు, ఆయనే ఆమె పేరు నాలుగుసార్లు తీశాడు. కానీ మనం పోయి కూర్చోకపోతే ఆ సగం కథ మనకు తెలిసేదే కాదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, గెలిచినవాళ్లను సరిగ్గా అడగకపోతే మునిగేది మనమే. పెద్దవాళ్లకు ఈము పక్షులు గుర్తుండే ఉంటాయి. ఎవరో పెంచాడు, బాగుపడ్డాడు అని విని ఎంతోమంది షెడ్లు వేశారు. ముందు చేరినవాళ్లకు పైసలు వచ్చిన మాట నిజం. అవి మాంసం అమ్మి వచ్చినవి కావు, కొత్తగా చేరినవాళ్లకు పిల్లలను అమ్మి వచ్చినవి. "చివరికి దీన్ని తినేది ఎవరు, కొనేది ఎవరు?" అని అడిగినవాళ్లు తక్కువ. 2012 ప్రాంతానికి ఆ యాపారం కూలింది, మేత పెట్టలేక పక్షులను వదిలేసుకున్నవాళ్లు ఉన్నారు. ఇప్పుడు డ్రోన్ వీడియో పెట్టి "ఎకరానికి ఇన్ని లక్షలు" అంటుంటే నాకు అదే యాదికొస్తది. అన్ని వీడియోలూ అబద్ధమని అనను. కొందరు పిల్లలు మంచిగనే అడుగుతున్నారు, నీళ్లు ఎన్ని ఇంచులు, అమ్మింది ఎక్కడ అని. వాళ్లవి చూడండి.

పెద్ద పేరున్నవాళ్ల సంగతి కూడా ఇంతే. చింతకింది మల్లేశంగారు రైతు కాదు, నేతన్న. ఆలేరు దగ్గర శారాజీపేట. చదివింది ఆరో తరగతి వరకే. ఆసు యంత్రానికి 2017లో పద్మశ్రీ, 2019లో ఆయన మీద సినిమా. ఇది అందరికీ తెలుసు. కానీ ఆ యంత్రం పుట్టింది అవార్డు కోసం కాదు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. వాళ్లమ్మ లక్ష్మిగారికి భుజం పోటు. ఆ నొప్పి చూడలేక 1992లో మొదలుపెడితే 1999కి గానీ పూర్తికాలేదు. ఏడేళ్లు! ఆ ఏడేళ్లల్లో ఊరోళ్లు ఏమన్నారు, ఇల్లు ఎట్ల గడిచింది అన్నదే అడగాల్సిన ముచ్చట. యంత్రం అయిపోయినంక ఎవరైనా చప్పట్లు కొడతారు.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి వనజీవి రామయ్యగారికి కూడా 2017లోనే పద్మశ్రీ వచ్చింది. ఆయనా, జానమ్మగారూ బతుకంతా విత్తనాలు ఏరుడు, మొక్కలు పెట్టుడు. 2025 ఏప్రిల్‌లో ఆయన పోయారు. ఏ చెట్టు గింజ ఎప్పుడు ఏరాలి, ఏ నేలలో ఏది బతుకుతది అని ఆయన తలలో ఉన్నదంతా మన తరం ఎంత అడిగి రాసిపెట్టుకుంది? ఆయనతో దిగిన ఫోటోలు మాత్రం మస్తుగ ఉన్నాయి.

అడగడం ఎట్లనో మనకు చూపించినవాళ్లు జహీరాబాద్ దిక్కున ఉన్నారు. పస్తాపూర్ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు. వాళ్లలో కొందరు కెమెరా పట్టుకుని వరంగల్ జిల్లా బీటీ పత్తి రైతుల దగ్గరికి పోయి, పంటకాలం పొడుగునా తిరిగి తిరిగి అడిగి 2003లో ఫిల్మ్ తీశారు. పంట చేతికొచ్చిన రోజు ఒక్కసారి పోయి అడిగితే ఆ సంగతులు బయటపడవు. వీళ్ల పాత పంటల జాతర కూడా చూడండి. సంక్రాంతికి మొదలై ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి, ఊరి జనం కూర్చుని మాట్లాడుకుంటారు. 2019లో ఐక్యరాజ్యసమితి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజు వాళ్లకు వచ్చింది.

మా నలుగురం ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. పని మీదున్న మనిషి దగ్గరికి పోము, తీరికగా ఉండే పూట అడిగి పోతాం. ఫోన్లు జేబులోనే. భార్యాభర్తలిద్దరూ ఉంటేనే మొదలుపెడతాం. నీళ్లు, కూలీలు, అమ్మకం, అప్పు, ఈ నాలుగూ అడగకుండా లేవం. చెప్పినదాంట్లో బయట రాయొద్దన్నది రాయం. కాకర అన్నా వదినల పేర్లు పెట్టకపోవడం కూడా అందుకే.

వచ్చేవారం పక్క ఊర్లో మేకలు సాకే ఒక అక్క దగ్గరికి పోతున్నాం. ఏ అవార్డూ రాలేదు గానీ, ఆ మేకల మీదనే ఇద్దరు పిల్లలను చదివించింది. ఫోన్ చేస్తే, "మంద దొడ్లకు చేరినంక, ఏడు దాటినంక రాండ్రి. నా కతల ఏమున్నదని వస్తుండ్రు?" అంది. మీకేమన్నా అడగాలని ఉంటే ఈ లోపల రాసి పంపండి, మీ తరఫున అడిగి వస్తాం.