నలభై రోజుల కూలి... ఒక్క లెన్సు!

పన్నెండు వేలు. అన్నీ వందలూ, రెండొందల నోట్లే. వాటికి కాస్త మిరప ఘాటు కూడా అంటుకుంది. మడత విప్పగానే కుర్రాడికి తుమ్మొచ్చింది.

‘‘కోతల డబ్బులు నాయనా. కెమెరాకి అద్దమేదో కావాలన్నావుగా... కొనుక్కో’’ అంది అమ్మ, మండుతున్న అరచేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ.

పర్చూరు దగ్గర ఓ పల్లె అది. నల్లరేగడి నేల. శీతాకాలంలో పత్తి పగిలి చేలు తెల్లబడతాయి. శివరాత్రి వచ్చేసరికి మిరప కల్లాలు ఎర్రబడతాయి. కుర్రాడు డిగ్రీ అయ్యాక ఓ పెళ్లిళ్ల వీడియోగ్రాఫర్ దగ్గర రెండేళ్లు లైటు పట్టుకున్నాడు. కూడబెట్టిన డబ్బుతో సెకండ్‌హ్యాండ్‌లో కెనాన్ కెమెరా ఒకటి కొన్నాడు. దాంతోపాటు వచ్చింది 18-55 లెన్సు. దాన్నే కిట్ లెన్సు అంటారు.

అతని కోరిక పెద్దదేం కాదు. మిరప కోతల మీద... అంటే అమ్మ మీద, పావుగంట సినిమా తీయాలి. అదీ ఈ ఏడే తీయాలి. మోకాళ్లు సహకరించడం లేదు, వచ్చే ఏడు కోతలకు పోనంటోందామె. పగలు తీసినవి బాగానే వస్తున్నాయి. పొద్దుగూకాక ఇంట్లో తీస్తే మాత్రం బొమ్మంతా ఇసుక చల్లినట్టుంటోంది. అందుకే కొత్త లెన్సు.

పన్నెండు వేలంటే ఆమెకు దాదాపు నలభై రోజుల కూలి. తప్పు లెన్సు కొన్నాడో... బూడిదలో పోసిన పన్నీరే!

అందరి నోటా ఫిఫ్టీ

గుంటూరు బ్రాడీపేటలో ఓ షాపుకెళ్తే కౌంటర్ వెనకాయన మాట పూర్తి కానివ్వలేదు. ‘‘కళ్లు మూసుకుని ఫిఫ్టీ తీసుకో తమ్ముడూ’’ అన్నాడు. పెళ్లిళ్లు తీసే స్నేహితులూ అదే మాట.

ఆ మాటలో న్యాయం ఉంది. లెన్సు మీద రెండు అంకెలు చూడాలి. మొదటిది మిల్లీమీటర్లలో ఉంటుంది. అది పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది. రెండోది ఎఫ్ అంకె. లెన్సు లోపలి కిటికీ ఎంతవరకు తెరుచుకుంటుందో చెబుతుంది. ఇక్కడ లెక్క తలకిందులు. అంకె తగ్గేకొద్దీ కిటికీ పెద్దది, వెలుగు ఎక్కువ. కిట్ లెన్సును 50 దగ్గర పెడితే ఎఫ్ 5.6 మించి తెరుచుకోదు. 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు దానికన్నా దాదాపు పదిరెట్ల వెలుగును లోపలికి రానిస్తుంది. ముఖం వెనకున్నదంతా మెత్తగా చెదిరిపోయి సినిమాలా కనిపిస్తుంది. కొత్తదైనా సుమారు పదివేలు. అందుకే దశాబ్దాలుగా కొత్తవాళ్లందరికీ అదే తొలి లెన్సు.

అసలు ఫొటోలు తీసే కెమెరాతో సినిమా తీయొచ్చన్న ధైర్యం మరీ పాతదేం కాదు. 2008లో కెనాన్ 5డీ మార్క్ 2 వచ్చాకే అది ఊపందుకుంది. 2011లో రాంగోపాల్‌వర్మ ‘దొంగల ముఠా’ను అలాంటి స్టిల్ కెమెరాలతోనే అయిదు రోజుల్లో తీశారు. ఆ రోజుల్లో స్కూల్లో ఉన్న పిల్లలే ఇవాళ పల్లెల్లో కెమెరాలు పట్టుకు తిరుగుతున్నారు.

పైసా ఖర్చులేని పరీక్ష

కుర్రాడు డబ్బు తీసి కౌంటర్ మీద పెట్టేవాడే. ఎందుకో తను పనిచేసిన వీడియోగ్రాఫర్‌కి ఫోన్ చేశాడు. ‘‘కొనే ముందు ఉన్న లెన్సుకే టేపు వేసి చూడరా’’ అన్నాడాయన. జూమ్ రింగును 50 దగ్గర పెట్టి, కదలకుండా టేపు అంటించి, రోజంతా తీయాలి. మర్నాడు 24 దగ్గర అంటించి తీయాలి. ఏది లేక ఇబ్బంది పడ్డాడో అదే కొనాలి. అంతే!

మొదటి రోజు 50. చేలో బ్రహ్మాండంగా ఉంది. సాళ్ల మధ్య నుంచి అమ్మ ముఖం, పమిట కొంగు, ఎర్రటి కాయలు... క్యాలెండర్ బొమ్మల్లా వచ్చాయి. ఇంటికొచ్చాక అసలు తంటా మొదలైంది. ఉన్నది పదడుగుల గది. గోడకు వీపు ఆనించి నిలబడినా పొయ్యి కనిపిస్తే అమ్మ కనిపించదు, అమ్మ కనిపిస్తే పొయ్యి కనిపించదు. ఆ కెమెరా సెన్సరు చిన్నది. అందులో 50 లెన్సు, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 80 లెన్సులా చూపిస్తుంది. మనిషిని నిలువునా ఫ్రేములో పట్టాలంటే సుమారు ఇరవై రెండు అడుగులు వెనక్కి నడవాలి. వెనక్కి నడిస్తే వీధిలోకి!

రెండో రోజు 24. అదే మనిషిని నిలువునా పట్టడానికి పదకొండు అడుగులు చాలు. గదిలో పొయ్యి ముందు కూర్చున్న అమ్మ, పక్కన నీళ్ల బిందె, మూలన చుట్టి పెట్టిన గోతాం... అన్నీ కనిపించాయి. కానీ చేలో చిక్కొచ్చింది. ముఖం చిన్నదైపోయింది. పెద్దగా కనబడాలంటే దగ్గరకు జరగాల్సిందే.

జరిగాడు. మూడడుగుల దూరంలో, సాళ్లోనే చతికిలబడ్డాడు.

‘‘ఏందిరా, మీద మీదకొస్తన్నావు? చేతులు తియ్యమాక, చూళ్లేం’’ అని విసుక్కుంది. కాసేపటికి కెమెరా సంగతి మర్చిపోయింది. కాయలు తెంపుతూనే ఏదో చెప్పడం మొదలుపెట్టింది. 2017లో మిరప ధర ఒక్కసారిగా పడిపోయింది కదా, ఆ ఏడు సంగతి. కాయ కోత కూలికీ చాలని రేటు. కౌలు చేను వదులుకోవాల్సొచ్చింది. ఆ మరుసటేడు అదే చేలో కూలికి దిగిన తొలిరోజు, గట్టు మీద కూర్చుని పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చిందట. ‘‘మీ నాన్నకు తెలీదు’’ అంది. కొడుక్కీ అంతవరకు తెలీదు.

రాత్రి రెండు రోజుల వీడియోలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. మొదటి రోజు బొమ్మలు అందంగా ఉన్నాయి. అందులో ఒక్క మాట లేదు. కెమెరాలోని మైకుకు దూరంనుంచి వినిపించింది గాలి హోరే. వేరే మైకు పెడితే దూరం నుంచీ మాట పట్టొచ్చు, నిజమే. కానీ ఇరవై అడుగుల అవతల నిలబడ్డవాడితో ఎవరు కడుపులో మాట చెబుతారు?

తెనాలి దగ్గరి గుడివాడ గ్రామంలో వందేళ్లు దాటిన అవ్వ మస్తానమ్మ వంటలు గుర్తున్నాయా? మనవడి వరస కుర్రాడు, అతని స్నేహితుడు కలిసి 2016 నుంచి ఆమె వంటను వీడియోలు తీశారు. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసే నాటికి ప్రపంచమంతటా లక్షల మంది అభిమానులు. వాళ్ల మనసులో నిలిచినవి గోళ్లతో అల్లం తొక్క తీసే ఆ చేతులు, ఆ నవ్వు. పక్కనే కూర్చుని చూస్తున్నట్టుండే ఆ దగ్గరితనం!

లెక్క తేలింది

కుర్రాడు 24 ఎంఎం, ఎఫ్ 2.8 లెన్సు సెకండ్‌హ్యాండ్‌లో ఏడు వేలకు బేరమాడాడు. రొట్టెలా పల్చగా ఉంటుందది. పాతది కాబట్టి ముందు లెన్సులోంచి సెల్‌ఫోన్ లైటు వేసి చూశాడు. లోపల సాలెగూడులాంటి పోగులుంటే ఫంగస్ పట్టినట్టే, ముట్టుకోకూడదు. కిటికీ రెక్కల మీద నూనె మరకలున్నాయేమో చూశాడు. కెమెరాకి తగిలించి రెండు నిమిషాల వీడియో తీసి, ఫోకస్ మారేటప్పుడు మోటారు రొద వినపడుతోందేమో విన్నాడు.

దీని కిటికీ ఫిఫ్టీ అంత పెద్దది కాదు. కిట్ లెన్సును 24 దగ్గర పెడితే వచ్చే వెలుగుకు సుమారు రెట్టింపు, అంతే. ఆ లోటు తీర్చడానికి వందేసి రూపాయల ఎల్‌ఈడీ బల్బులు రెండు కొని పొయ్యి పక్కన వెలిగించాడు. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు కాబట్టి షట్టర్ 1/50లో ఉంచితే ట్యూబులైటు కింద బొమ్మ వెలిగి ఆరినట్టు రాదు. అయితే అదే షట్టర్‌తో మిట్టమధ్యాహ్నం కల్లంలో తీస్తే అంతా తెల్లగా పాలిపోతుంది. లెన్సుకు నల్లకళ్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. దానికో ఎనిమిది వందలు. కిట్ లెన్సును అమ్మలేదు. చేతి వణుకును సర్దే ఏర్పాటు అందులో ఉంది, కొత్తదాంట్లో లేదు.

అలాగని ఫిఫ్టీ చెడ్డదని కాదు. రాత్రిపూట స్టేజీ మీద పెళ్లికూతురి ముఖం తీసే స్నేహితుడికి అదే సరైన లెన్సు. ఎవరిని, ఎక్కడ, ఎంత దూరం నుంచి చూడాలనుకుంటున్నామో తేల్చుకుంటే డబ్బు ఎటు పెట్టాలో తెలిసిపోతుంది.

అన్నీ పోను మిగిలిన నాలుగు వేలూ అమ్మ చేతిలో పెట్టాడు కుర్రాడు. మోకాళ్ల డాక్టరుకని చెప్పాడు. ఆమె లెక్కపెట్టకుండానే కొంగున ముడేసుకుంది.

కోతలైపోయాక ఓ రాత్రి పక్కింటి టీవీకి పెట్టి చూపించాడు. అమ్మ కళ్లార్పకుండా చూసింది. తన చేతులు తెరనిండా కనిపించినప్పుడు మాత్రం ఒళ్లోని అసలు చేతుల్ని పమిట కింద దాచుకుంది. గట్టు మీద ఏడ్చిన సంగతి వినిపించేసరికి, వెనక నిలబడి చూస్తున్న నాన్న మెల్లగా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

ఆమె ఎవరివైపూ చూడలేదు. ‘‘ఇంత మాట్లాడానట్రా నేను?’’ అంది.