ఎంత ఉంటే ఉన్నట్టు?

500 మిల్లీగ్రాముల మందు బిళ్ళ ఒకదాన్ని పొడిచేసి 3,300 టన్నుల రొయ్యల్లో సమానంగా కలిపామనుకోండి. కిలోకి దాదాపు 0.15 మైక్రోగ్రాములు వస్తుంది. ఆ బిళ్ళ క్లోరాంఫెనికాల్‌ది అయితే చాలు, ఆ సరుకు యూరప్ గడప దాటదు. ఒకప్పుడు టైఫాయిడ్‌కి వాడిన మందే అది. అరుదుగా ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకూ ఫర్వాలేదని ఎవరూ చెప్పలేరు. అందుకే తిండిలో దానికి చోటు లేదు.

నా ఉద్యోగం ఆ 0.15ని వెతకడం. మాది ఇందుకూరుపేట మండలం, మైపాడు దారిలో. ఊళ్ళో వరి మళ్ళకంటే రొయ్యల గుంటలే ముందు కనిపిస్తాయి. మా బాబాయి టైగర్ రొయ్య వేసిన రోజుల్లో వైట్ స్పాట్ వచ్చి గుంటలకు గుంటలే పోయాయి. 2009లో వనామీ వచ్చాక మళ్ళీ దిగాడు.

నైట్రోఫ్యూరాన్ మందులైతే ఇంకా తమాషా. మందు గంటల్లో విరిగిపోతుంది, దాని ముక్క మాత్రం కండలోని ప్రోటీన్‌కి అతుక్కుని వారాలపాటు ఉంటుంది. ఆ ముక్కను విడిపించడానికి రొయ్య కండను మెత్తగా చేసి, యాసిడ్‌లో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతాం. మాస్ స్పెక్ట్రోమీటర్ అణువును తూచి, పగలగొట్టి, ముక్కల్ని మళ్ళీ తూస్తుంది. క్లోరాంఫెనికాల్ 321 దగ్గర దొరికి, 152, 257గా పగలాలి. ఆ రెండు ముక్కల నిష్పత్తి కూడా కుదరాలి. అప్పుడే ‘ఉంది’ అని రాస్తాం.

రెండేళ్ళ కింద బాబాయి గుంట శాంపిల్ ఫెయిలయింది. మా ల్యాబులో కాదు. ఫ్యూరజోలిడోన్ తాలూకు ముక్క ఏఓజడ్, 0.7. యూరప్ గీత 2022 నవంబర్ 28 దాకా 1, ఆ తర్వాత 0.5. పాత గీత ప్రమాదాన్ని కొలిచి గీసింది కూడా కాదు, ల్యాబులు ఎంతవరకూ నమ్మకంగా చూడగలవో దాన్నిబట్టి గీసింది. యంత్రం చూపు పెరిగింది, గీత కిందికి దిగింది. కొనేవాడు రేటు తగ్గించాడు.

“నేను ఒక్క మందు గూడా ఎయ్యలేదబ్బయా. యాడ్నించి వచ్చింది?”

సెమీకార్బజైడ్ అయ్యుంటే జవాబు ఉండేది. అది రొయ్య పెంకులో సహజంగానే ఉండొచ్చు, పెంకు వలిచి లోపలి కండనే పరీక్షించమని అడగొచ్చు. ఏఓజడ్‌కి ఆ సాకు లేదు. మిగిలింది ఆయన మేతలో కలిపిన ‘గట్ ప్రోబయాటిక్’ ప్యాకెట్లు, అప్పు మీద తెచ్చినవి. లేబుల్ మీద ‘యాంటీబయాటిక్స్ లేవు’ అని ఉంది. ఖాళీ కవరు ఉంది గానీ పొడి లేదు. ఉన్నా, దాన్ని మా యంత్రం దగ్గరికి నేరుగా రానివ్వరు. అందులో నిజంగా మందు ఉంటే, లెక్కకందనంత తక్కువను వెతికే గది మొత్తం పాడవుతుంది. దానికి వేరే ఏర్పాటు కావాలి.

యంత్రం ‘ఏది, ఎంత’ అని చెబుతుంది. ‘ఎవరు’ అని చెప్పదు. ఆ ఖాళీలో వరసలో చివర నిలబడ్డవాడి పేరే రాసుకుంటాం. అమ్మినవాడు లేబుల్ చూపిస్తాడు, కొనేవాడు రిపోర్టు చూపిస్తాడు, రైతు దగ్గర చూపించడానికి గుంట తప్ప ఏం లేదు. రైతులంతా అమాయకులని కాదు. జబ్బు కనబడగానే ఏదో ఒకటి చల్లినవాళ్ళు నాకు తెలుసు. ఎవరు చల్లారో, ఎవరు మోసపోయారో 0.7 చూసి చెప్పలేను, అంతే.

ఇంకొకటి కూడా నన్ను గుచ్చుతుంది. ఇంత చూపు సముద్రం దాటే రొయ్యకే. నెల్లూరు మార్కెట్లో అమ్మ కొనే అరకిలోతో ఏ రిపోర్టూ రాదు.

ఇప్పుడు బాబాయి కొత్త ప్యాకెట్ విప్పిన ప్రతిసారీ రెండు చెంచాలు చిన్న సీసాలో తీసి, తేదీ, బ్యాచ్ నంబరు రాసి, బిల్లు చుట్టి రబ్బరు బ్యాండ్ వేస్తున్నాడు. మోటారు షెడ్డులో అలాంటివి పదకొండు సీసాలున్నాయి.