దయ్యం కవితకు పాఠకుడి మాట

దయ్యాన్ని పెట్టి నవ్విస్తూ రాసిన కవితకు ‘బాగుంది’ అన్న మెచ్చుకోలు కన్నా ‘ఎవర్ని చూసి నవ్వమంటున్నారు?’ అన్న ప్రశ్నే మేలు చేస్తుంది. సిరిసిల్లలో అప్పులు తీరక నేతన్నలు ఉరేసుకున్నారు. అలా చచ్చిన నేతన్న కవితలో దయ్యమై వచ్చి వడ్డీ లెక్క అడిగితే, ఆ నవ్వు అప్పిచ్చిన సేటుకు తగలాలి. అతని భార్యకు తగిలిందా, కవిత తప్పినట్టే.

ఇలాంటి కవితలు మూఢనమ్మకాన్ని పెంచవా అన్న అభ్యంతరం తీసిపారేసేది కాదు. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాల అనుమానంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపారు. కానీ అక్కడ ప్రాణాలు తీసింది భయం, నవ్వు కాదు. దయ్యాన్ని చూసి నవ్వడం నేర్చిన ఊళ్లో ఆ భయానికి బలం తగ్గుతుంది. ఇక ఎవరికి తగలాలన్న మాటకొస్తే, అదే జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ చిన్న కవితల చురకలు పీడించేవాళ్లకే తగిలాయి. దయ్యం కవితనూ కోరుట్లలో బీడీలు చుట్టే మనిషి చదివి ‘ఇది మా మీద కాదు’ అంటే చాలు, ఆ కవిత నిలిచినట్టే.