కంచం మీద మూత

"అమ్మా, నువ్వేం నటించక్కర్లేదు. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని గుమ్మం వైపు చూస్తూ ఉండు, చాలు" అంది మా అమ్మాయి.

అంతకంటే సులువైన పని ఇంకేముంటుంది చెప్పండి! మూడు నిమిషాల నలభై సెకన్ల పాటలో నా వంతు పదకొండు సెకన్లు. దానికోసం నన్ను రెండు గంటలు కూర్చోబెట్టారు. టేబుల్ మీద మూత పెట్టిన కంచం, గోడకి గడియారం, మధ్యలో నేను. ఉద్యోగం నుంచి అర్ధరాత్రి ఇంటికొచ్చే కూతురి కోసం అన్నం తినకుండా ఎదురుచూసే తల్లిని.

అసలు సంగతి మొదట్నించీ చెప్పాలి. మేముండేది కొండాపూర్లో. 2001 వేసవిలో నేను కాపురానికొచ్చేనాటికి ఈ చుట్టుపక్కలంతా రాళ్ళ గుట్టలే. సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించి అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. ఊర్నించి చుట్టాలొస్తే శిల్పారామం తిప్పి, వచ్చేదారిలో ఆ గుండ్రటి మేడ చూపించి పంపేవాళ్ళం. ఇప్పుడు డాబా ఎక్కితే ఎటు చూసినా అద్దాల మేడలే. మా వీధిలో ఇంటికొకరైనా మెళ్ళో కంపెనీ కార్డు వేసుకుని తిరిగేవాళ్ళే. అలాంటి చోట ఉంటూ, ఇంటర్లో ఎంపీసీ చదివిన పిల్ల "నేను మాస్ కమ్యూనికేషన్ చదువుతాను, వీడియోలు తీస్తాను" అంటే ఏ తల్లికి గుండె గుభేలుమనదు? "అయ్యో, ఇంజినీరింగులో సీటు రాలేదా?" అని ఎదురింటి వదినగారు జాలిగా అడిగారు. వచ్చిందని చెబితే నమ్మలేదు. మావారు మాత్రం "దాని ఇష్టం" అని పేపర్లో తలదూర్చారు. నేను వద్దని చెప్పలేదు. సరేనని కూడా మనస్ఫూర్తిగా అనలేదు. మూడేళ్ళూ అలాగే గడిచిపోయాయి.

చివరి సంవత్సరం ప్రాజెక్టు కింద అయిదుగురు పిల్లలు కలిసి ఓ పాట రాసి, పాడి, దానికి వీడియో తీయాలి. నాకు తెలిసినంతలో బొమ్మలున్న పాటంటే శుక్రవారం సాయంత్రం దూరదర్శన్లో చిత్రలహరి. అమెరికాలో పాటల వీడియోల కోసమే 1981లో ఎంటీవీ అని ఓ ఛానెల్ మొదలైందట, ఆ సంగతి మా ఊరికి చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1995లో అలీషా చినాయ్ 'మేడిన్ ఇండియా' వచ్చినప్పుడు "సినిమా ఏదీ లేకుండా పాటకి బొమ్మలేమిటే?" అని మా నాన్నగారు ఆశ్చర్యపోయారు. సరిగ్గా ఆయన అన్నమాటే ఇన్నేళ్ళకి నా నోట్లోంచి ఊడిపడింది. మా అమ్మాయి నవ్వింది.

రికార్డింగు మా పడగ్గదిలోనే జరిగింది. స్టూడియోకి డబ్బుల్లేవు. బీరువా తలుపులు బార్లా తీసి, నా చీరలకెదురుగా మైకు పెట్టి, కిటికీలకి బొంతలు వేలాడదీశారు. మెత్తటి గుడ్డలుంటే గొంతు గోడలకి కొట్టుకుని తిరిగి రాదట, ప్రతిధ్వనిని అవే పీల్చేసుకుంటాయట. నా పెళ్ళి పట్టుచీరకి ఇన్నాళ్ళకి ఓ ఉపయోగం దొరికిందనుకున్నాను. ఫ్రిజ్ మోత కూడా మైకులో పడుతోందని ఆపేశారు. మళ్ళీ వేయడం మరిచిపోయారు. మర్నాటికి లీటరు పాలు విరిగిపోయాయి. ఏం చేస్తాం, పంచదార వేసి కలిపి కోవాలా చేసి వాళ్ళకే పెట్టాను.

షూటింగు ముచ్చట ఇంకా ఉంది. రాయదుర్గం మెట్రో స్టేషను బయట కొంత, ఓ ఆఫీసు మేడ ముందు కొంత తీయాలనుకున్నారు. ఆ మేడ సెక్యూరిటీ వాళ్ళు కాళ్ళస్టాండు చూడగానే పొమ్మన్నారు. చివరికి దుర్గం చెరువు గట్టు మీదికి చేరారు, 2020లో తెరిచిన కేబుల్ బ్రిడ్జి దీపాలు వెనకాల కనిపించేలా. ఆ రోజు వాళ్ళకి పులిహోర పట్టుకెళ్ళి నేనూ చూశాను. పాడే పిల్ల నెమ్మదిగా నడుస్తున్నట్టు, జుట్టు గాలిలో మెల్లగా ఎగురుతున్నట్టు రావాలట. తీరా చూస్తే స్పీకర్లో పాట గిరగిరా తిరుగుతోంది, ఈ పిల్ల వడ్లగింజలు కొట్టుకునే పిచ్చుకలా టపటపా పెదవులాడిస్తోంది! వాకింగుకి వచ్చినవాళ్ళు ఆగి మరీ నవ్వారు. తరవాత మా అమ్మాయి చెప్పింది. కెమెరా సెకనుకి యాభై బొమ్మలు తీస్తుంది, చూపించేటప్పుడు ఇరవై అయిదే చూపిస్తారు. దాంతో మనిషి సగం వేగంతో కదుల్తుంది. అప్పుడు పెదవులు పాటకి సరిగ్గా కలవాలంటే, తీసేటప్పుడు పాటని రెట్టింపు వేగంతో వినిపించాలట. మనం తెర మీద చూసి నిట్టూర్చే ఆ నింపాది నడకల వెనకాల ఇంత హడావుడి ఉందన్నమాట.

పాట పూర్తయ్యాక అసలు పరీక్ష మొదలైంది. వీడియో ఇచ్చేస్తే సరిపోదు. కనీసం ముప్ఫయిమందికి చూపించి, వాళ్ళేమన్నారో కాగితం మీద రాయించుకుని, దాన్నిబట్టి మీరేం నేర్చుకున్నారో రాయాలన్నారు లెక్చరరు. ఇంగ్లండులో కాలేజీ మెట్టెక్కని పిల్లలకే మీడియా స్టడీస్ అని ఓ సబ్జెక్టు ఉందట. అందులోనూ ఇలా వీడియో తీసి, చూసినవాళ్ళ మాటల నుంచి ఏం తెలుసుకున్నారో రాయించేవారట.

చూసేవాళ్ళకి మా అపార్టుమెంటులో కొదవా! ఓ ఆదివారం మధ్యాహ్నం తొమ్మిదిమంది ఆడవాళ్ళని పిలిచాను. టీవీకి లాప్‌టాప్ తగిలించారు. నేను పెసర పునుగులు, అల్లం పచ్చడి చేశాను. పాట వేశారు. మూత పెట్టిన కంచం ముందు నేను కనిపించగానే ఎదురింటి వదినగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. వాళ్ళబ్బాయికి రాత్రి షిఫ్టులు.

కాగితాలు పంచారు. కథ అర్థమైందా, ఏది నచ్చింది, ఎక్కడ విసుగొచ్చింది, ఏది నిజం కాదనిపించింది, ఇంకొకరికి చూపిస్తారా - అయిదు ప్రశ్నలు. అందరూ వరసగా "చాలా బాగుంది", "కంటతడి పెట్టించింది", "ఇంకా పైకి రావాలి తల్లీ" అని రాసిచ్చారు. నేనూ "బాగుంది" అని రాశాను. నాలుగో ప్రశ్న దగ్గర గీత పెట్టి వదిలేశాను.

కాగితాలు లోపలికెళ్ళాక, పునుగులు బయటికొచ్చాక నోళ్ళు తెరుచుకున్నాయి. "మొదట భుజం మీద పిన్ను ఉంది, గడియారం చూపించి మళ్ళీ నీ మీదికొచ్చేసరికి పిన్నులేదు, చూశావా?" అంది పక్కింటావిడ. "నల్లపూసలూ అంతే. ఓసారి బయటికున్నాయి, ఓసారి లోపలికి" అంది ఇంకొకావిడ. అయిదుగురు పిల్లలు పదకొండు రాత్రులు కంప్యూటరు ముందు కూర్చుని అతికించిన పాట అది. వాళ్ళలో ఒక్కరికీ కనిపించని పిన్ను వీళ్ళకి ఒక్క చూపులో కనిపించింది! రెండో అంతస్తు మామ్మగారు అన్నిటికంటే పెద్ద తప్పు పట్టారు. "అదేమిటమ్మా, అన్నం కంచంలో వడ్డించేసి మూత పెడతారా ఎవరైనా? మెతుకులు ఎండి బిరుసెక్కిపోవూ! గిన్నెల్లోనే ఉంచుతాం గానీ..."

అవును కదా! ముప్ఫై ఏళ్ళుగా వంట చేస్తున్న నాకు ఆ మాట తట్టనేలేదు. కెమెరా ముందు కూర్చోబెట్టేసరికి నేనూ సినిమాల్లో అమ్మనైపోయాను. మా అమ్మాయి వంటగది గుమ్మంలో నిలబడి అన్నీ వింటోంది.

ముప్ఫయి కాగితాలూ పట్టుకెళితే లెక్చరరు తిరిగిచ్చేశారట. "ఇవి అభిప్రాయాలు కావమ్మా, ఆశీర్వచనాలు. మీ ఇంట్లో కాఫీ తాగనివాళ్ళకి చూపించు" అన్నారట. పిల్ల ముఖం చిన్నబోయింది. ఆ మాట మాత్రం నాకు నచ్చింది.

మా ఇంట్లో సాయంత్రం పనికొచ్చే అమ్మాయి పొద్దుట్నించీ ఓ కంపెనీ మేడలో హౌస్ కీపింగు చేస్తుంది. అంట్లు తోముతూ ఉంటే ఫోన్లో వీడియో పెట్టి చూపించాం. ఆఫీసు అద్దాలు, మెట్రో, బ్రిడ్జి అన్నీ ఆసక్తిగా చూసింది. నేనొచ్చేసరికి ఆగి, "అమ్మా, గా తల్లికి పనేం లేదా? గట్లనే కూసుంటదా?" అంది.

మేమిద్దరం పడీ పడీ నవ్వాం. ఆ రాత్రి మాత్రం నాకు నిద్రపట్టలేదు.

మీతో చెప్పడానికి నాకేం మొహమాటం? ఈ షూటింగుల రోజుల్లో మా అమ్మాయి రాత్రి పదకొండుకీ పన్నెండుకీ ఇంటికొచ్చేది. నేనెప్పుడూ టేబుల్ దగ్గర కూర్చోలేదు. ఎనిమిదిన్నరకే తినేసి, హాల్లో దీవాను మీద టీవీ వైపు తిరిగి పడుకునేదాన్ని. ఒక్కోరోజు మెలకువగానే ఉండేదాన్ని. తాళం తీసిన చప్పుడు వినిపించినా కళ్ళు మూసుకునేదాన్ని. దానికది ఎంచుకున్న చదువు, దానికదే వడ్డించుకు తింటుందిలే అని ఓ పంతం. అది నిలబడే గిన్నెల్లోంచి పెట్టుకు తినేసి, చప్పుడు కాకుండా సింకులో పెట్టేది. ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా "ఏమ్మా, పడుకున్నావా?" అని అడగలేదు.

అలాంటి పిల్ల పాట తీసినప్పుడు, అందులో తల్లిని మాత్రం కంచం ముందు కూర్చోబెట్టింది. ఉన్న అమ్మని తీయలేదు, కావాలనుకున్న అమ్మని తీసుకుంది. ఆ ముక్క అర్థమయ్యేసరికి గొంతు పట్టేసింది నాకు.

పొద్దున్నే లేచి నా కాగితం వెతికాను. నాలుగో ప్రశ్న దగ్గర పెట్టిన గీత కొట్టేసి, "ఈ తల్లి నిజం కాదు. ఆమె తినేసి పడుకుంటుంది. కొన్నిసార్లు నిద్ర నటిస్తుంది" అని రాసి దాని లాప్‌టాప్ కింద పెట్టాను.

దానికి కోపం వస్తుందనుకోలేదు. వచ్చింది. "ఇప్పుడా చెప్పేది? ఇంక నాలుగు రోజులే ఉంది!" అని అరిచింది. "నువ్వు మొదటిరోజే అడగాల్సింది" అన్నాను నేను. "అడిగితే చెప్పేదానివా?" అంది. చెప్పేదాన్ని కాదు. మావారు పేపరు మడిచి "ఇద్దరూ కాఫీ తాగండి ముందు" అన్నారు. ఆరోజంతా మాటల్లేవు.

ఆ తరవాత ఏం జరిగిందో నాకు తెలియదు. తెలియదంటే నిజంగానే తెలియదు, ఎందుకంటే నేను నిద్రపోతున్నాను. నటన కాదు. ఆవేళ సంకటహర చవితి, ఉపవాసముండి, చంద్రుణ్ణి చూశాక తిని, ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను. మర్నాడు సాయంత్రం కొత్త పాట చూపించింది. కంచం లేదు, గడియారం లేదు. హాల్లో టీవీ వెలుతురు, దీవాను మీద నేను, ముక్కు మీద వాలిపోయిన కళ్ళజోడు. ఆఫీసు నుంచి వచ్చిన పిల్ల ఫ్రిజ్ వెలుగులో నిలబడి గిన్నెలోంచే పెరుగన్నం తింటుంది. చెయ్యి కడుక్కుని వచ్చి, నా కళ్ళజోడు మెల్లగా తీసి టీవీ మీద పెడుతుంది. పాడే పిల్ల కాదు, ఆ చెయ్యి మా అమ్మాయిదే. మధ్యవేలికి నేను కొనిచ్చిన ఉంగరం ఉంది. రోజూ పొద్దున్న నా కళ్ళజోడు టీవీ మీదే ఉండేది. నేనే పెట్టుకున్నాననుకునేదాన్ని.

ఈసారి చూసినవాళ్ళు ఒక్కమాట మీద లేరు. మెట్రో స్టేషను దగ్గర మిర్చిబజ్జీల బండాయన, వాళ్ళ కాలేజీ లైబ్రరీలో పనిచేసే ఆవిడ, లిఫ్టు బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు - అందరికీ చూపించింది. కొందరికి తల్లి అలా పడుకోవడమేమిటో అర్థం కాలేదు. బండాయన "మా ఇంట్లో నేనే అట్లా పండుకుంట" అన్నాడట. పనమ్మాయి తలూపి "గిప్పుడు మంచిగుంది" అని మళ్ళీ అంట్ల దగ్గరికెళ్ళింది. మామ్మగారు, ఎదురింటి వదినగారు మాత్రం "మొదటిదే బాగుంది, ఏడుపొచ్చింది. ఇందులో ఏడవడానికేముంది?" అని నిష్ఠూరమాడారు. వాళ్ళు చెప్పిందీ అబద్ధం కాదు. మా అమ్మాయి రెండిటినీ పక్కపక్కన పెట్టి, ఎవరేమన్నారో, ఏది ఎందుకు మార్చిందో పన్నెండు పేజీలు రాసి ఇచ్చింది. కంచం మీద మూత గురించి మామ్మగారన్నది ఉన్నదున్నట్టు అందులో పెట్టింది. యాభైకి నలభై ఒకటి వచ్చాయి.

రెండోసారి నాకూ ఓ కాగితం ఇచ్చింది, అవే అయిదు ప్రశ్నలు. పాట మధ్యలో వాయిద్యాలన్నీ ఆగే చోట, టీవీ గొణుగుడుతో పాటు ఇంకో చప్పుడు వినిపించేలా చేశారు పిల్లలు. నాలుగో ప్రశ్న దగ్గర "నేను గురక పెట్టను" అని రాశాను. మావారు నా భుజం మీంచి చదివి, పెన్ను తీసుకుని ఆ వాక్యం కొట్టేశారు.